బయట చెయ్యి పడితే వారంటీ పోయినట్టేనా?

కౌడిపల్లి వైపు కార్లున్నవాళ్ళ నోట ఒక మాట తిరుగుతోంది: "బయట మెకానిక్ ముట్టుకున్నడా, ఇగ వారంటీ లేనట్టే." ఎవరు పుట్టించారో గానీ దీని వల్ల ఖాళీ అవుతున్నవి మాత్రం కొన్నవాళ్ళ జేబులే. వైపర్ బ్లేడు మార్చాలన్నా నర్సాపూర్ అడవి దాటి, గుమ్మడిదల, దుండిగల్ మీదుగా హైదరాబాద్ షోరూం దాకా పోయేవాళ్ళు కొందరు. ఒక పూట పని, వచ్చిపోయే డీజిలు, రెండూ దండుగ. ఇంకొందరిది అంతకన్నా పెద్ద నష్టం. ఎప్పుడో ఒకసారి ఊళ్ళో షెడ్డులో ఆయిల్ మార్పించి ఉంటారు. ఆ తర్వాత ఏసీ కంప్రెసర్ పోతే "మన వారంటీ అప్పుడే పోయింది" అని తమకు తామే తీర్పు చెప్పుకొని సొంత డబ్బుతో కొత్తది వేయించుకుంటారు. షోరూంను అడగనే అడగరు. అడిగితే కదా వాళ్ళు కాదనేది!

వారంటీ అంటే తయారీలో లోపమున్న భాగాన్ని కంపెనీ తన ఖర్చుతో బాగుచేస్తానని, లేదా మారుస్తానని రాసిచ్చిన మాట. ఆయిల్ మార్చిన చేతికీ, ఏసీ కంప్రెసర్‌కూ సంబంధం ఏమిటి? కాదనాలంటే ఫలానా బయటి పని వల్లే ఫలానా భాగం చెడిందని చూపించాలి. ఇది నా సొంత వాదన కాదు. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను, రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందకుండా తొక్కిపెడుతున్నారన్నది అభియోగం. బయట రిపేరు చేయించారన్న ఒక్క సాకుతో వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టొద్దని, బయటి పని సరిగ్గా చేయకపోవడం వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చని అదే ఉత్తర్వులో చెప్పింది. 2016 డిసెంబరులో మూడు కంపెనీల అప్పీలు మీద ట్రైబ్యునల్ జరిమానా తగ్గించింది గానీ, తప్పు తప్పేనంది. కంపెనీలు పై కోర్టుల మెట్లూ ఎక్కాయి. జరిమానా ఎక్కువని కొట్లాడినంత ఉత్సాహంగా ఈ సంగతి కొన్నవాళ్ళకు చెప్పి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మరి షోరూంలో ఎందుకలా అంటారు? వారంటీ పని చేస్తే డీలరుకు మీరు డబ్బివ్వరు, కంపెనీ ఇవ్వాలి. డీలరు క్లెయిమ్ పెడతాడు, కంపెనీ పరిశీలిస్తుంది, పాత భాగాన్ని పంపమంటుంది, కాగితం సరిగ్గా లేకపోతే తిరగ్గొడుతుంది. అప్పుడు ఆ ఖర్చు డీలరు నెత్తినే పడుతుంది. అదే పని మీ చేత డబ్బు కట్టించి చేస్తే సాయంత్రానికల్లా బిల్లు వసూలు. అందుకే కౌంటరు దగ్గర "బయట చేయించారు కదా సార్" అన్న ఒక్క మాట అంత చప్పున వస్తుంది. అది చట్టం కాదు, సర్వీస్ అడ్వైజర్ బేరం. "సరే, ఆ మాటే జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టండి" అని అడిగి చూడండి. చాలాసార్లు ఆయన లేచి లోపలికి వెళ్ళి మేనేజరును తీసుకొస్తాడు.

ఒక విషయంలో మాత్రం షోరూం వాళ్ళ మాటకు తలూపక తప్పదు. కిలోమీటర్లు, నెలల లెక్కన చేయించాల్సిన షెడ్యూల్ సర్వీసులను వారంటీ ఉన్నన్నాళ్ళూ షోరూంలోనే చేయించండి. ఓనర్స్ మాన్యువల్‌తో పాటు వచ్చే వారంటీ బుక్‌లెట్‌లో ఈ షరతు ఉంటుంది. సర్వీసే ఎగ్గొట్టి, ఆయిల్ నల్లటి జిగురయ్యేదాకా నడిపి, ఇంజిన్ పట్టేసిందని పోతే ఏ కమిషనూ మీ పక్షాన నిలబడదు. వైరింగ్ కోసి బయటి లైట్లు, హారన్లు బిగించినా, ఊళ్ళో సీఎన్‌జీ కిట్ పెట్టించినా ఆ భాగాలకు సంబంధించి వాళ్ళు కాదంటే అందులో న్యాయం ఉంది. పంక్చరు, అలైన్‌మెంటు, వాషింగు, సీటు కవర్లు, వైపర్లు మాత్రం కౌడిపల్లిలోనే కానివ్వండి. బిల్లు మాత్రం తీసుకోండి.

ఇక చిన్నాచితకా నమ్మకాలు. ఫ్రీ సర్వీసంటే అంతా ఫ్రీ కాదు, కూలీ మాత్రమే ఫ్రీ. ఆయిలుకు, ఫిల్టర్లకు కట్టాల్సిందే. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు వాడకంలో అరిగేవి, వాటికి వారంటీ అడిగి గొడవపడితే పరువు మీదే పోతుంది. టైర్లకు, బ్యాటరీకి సాధారణంగా వాటిని తయారుచేసిన కంపెనీలవే వేరే వారంటీలు. టాక్సీ ప్లేటున్న కారైతే వినియోగదారుడే కాదంటారు, అదీ అబద్ధం: తన బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకొనేవాడిని చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది.

దీనికి తలకిందులైన అపోహ ఇంకొకటుంది. కొత్త కారులో ఏదైనా లోపం బయటపడగానే "కారు మార్చి కొత్తదివ్వాలె" అని పట్టుపట్టడం. మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది: లోపమున్న భాగాన్ని బాగుచేయడమో మార్చడమో వారంటీ బాధ్యత, మొత్తం కారు మార్చడం కాదు. అలాగని ఎప్పటికీ మార్చరనీ కాదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందాయ్ కారు విషయంలో వాహనం మార్చివ్వాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. డ్యాష్‌బోర్డులో కీచుమనే శబ్దానికి కొత్త కారు అడిగితే మాత్రం కంప్రెసర్ కోసం అడిగేవాడి మాట కూడా పలచనవుతుంది.

అసలు గెలుపోటములు తేలేది జాబ్ కార్డు దగ్గరే. కారు లోపల పెట్టగానే అడ్వైజర్ ట్యాబ్ మీద గబగబా "జనరల్ చెకప్" అని కొట్టి సంతకం పెట్టమంటాడు. పెట్టొద్దు. మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి: "నర్సాపూర్ నుంచి మెదక్ పోయేటప్పుడు ఇరవై నిమిషాలకు ఏసీ చల్లదనం ఆగిపోతోంది, బండి ఆపి మళ్ళీ వేస్తే వస్తోంది." మీటరు రీడింగు, తేదీ ఉన్నాయో లేదో చూడండి. బండి ఇచ్చేటప్పుడు "లోపమేమీ కనబడలేదు" అంటే వాళ్ళ మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని లోపం వచ్చేదాకా నడపండి. ఒకే ఫిర్యాదు రెండు మూడు జాబ్ కార్డుల మీద వరసగా ఉంటే, మీకు తెలిసిన ఏ నాయకుడి ఫోనుకన్నా అది గట్టి సాక్ష్యం. సంతృప్తి పత్రం మీద సంతకం అడిగితే, తీరని సమస్యను దాని మీదే రాసి తర్వాత సంతకం చేయండి.

అక్కడ తేలకపోతే డీలరుకూ కంపెనీ కస్టమర్ కేర్‌కూ ఒకే ఈమెయిల్ పంపండి, జాబ్ కార్డుల ఫొటోలతో. షోరూంలో అరవడం వల్ల బీపీ తప్ప ఏదీ పెరగదు. తర్వాత నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫిర్యాదును కంపెనీకి చేరవేసి జవాబు అడుగుతారు. వాళ్ళేమీ కోర్టు కాదు, తీర్పు చెప్పరు. అయినా కేసు దాకా పోకుండా ఇక్కడే తెగే తగాదాలున్నాయి.

కేసు వేయాలంటే హైదరాబాద్ పోవాలి, లాయరు ఫీజుకు కారు అమ్ముకోవాలి అని భయపెట్టేవాళ్ళ మాట వినకండి. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న చోటే కేసు వేయొచ్చు. షోరూం బాలానగర్‌లో ఉన్నా, కంపెనీ గురుగ్రామ్‌లో ఉన్నా సరే. ఉమ్మడి మెదక్ జిల్లాకు వినియోగదారుల కమిషన్ సంగారెడ్డిలో ఉంది. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజే లేదు. 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. షోరూంలో వేయించుకునే కారు పెర్ఫ్యూమ్ దీనికన్నా ఖరీదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. "వచ్చే సర్వీసుకు చూద్దాం సార్" అని ఒకటికి రెండుసార్లు తిప్పి పంపిస్తే నెలలు ఇట్టే గడిచిపోతాయి. తగాదాకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళలోగా కేసు వేయాలి. ఆ తర్వాత వేస్తే, ముందు ఆలస్యానికి కారణం చెప్పుకోవాల్సింది మీరే.