కబుర్లు లేని బడి

పిల్లవాడికి వొళ్ళు వెచ్చబడితే ఇల్లంతా కదులుతుంది. అమ్మ తడిగుడ్డ తెస్తుంది, బామ్మ మిరియాల కషాయం కాస్తుంది, నాన్న డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాడు. అదే పిల్లవాడు పది రోజులు ఎవరితోనూ పలకకుండా గోడవైపు తిరిగి పడుకొంటే, "వీడికి పొగరెక్కింది" అని ఒక మాట అనేసి ఎవరి పనిలో వారు పడతాము. వొంటి జ్వరానికి ధర్మామీటరు వున్నది. మనసుకు వచ్చే జ్వరానికి లేదు. ఇంట్లోవాళ్ళ కళ్ళూ చెవులే దానికి ధర్మామీటరు.

కరోనా కాలంలో హైస్కూలు పిల్లల మనసులకు వచ్చిన జ్వరాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలని నా వుద్దేశం. గడిచిపోయిన సంగతి ఇప్పుడెందుకని మీరు అడగవచ్చు. ఆనాడు ఎనిమిదీ, తొమ్మిదీ, పదీ చదివిన పిల్లలే తరువాత మా కాలేజీ బెంచీల మీదికి వచ్చి కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను గాని, పక్కవాడి పేరు తెలుసుకోవడానికి నెల రోజులు తీసుకొన్న తరగతిని అంతకు ముందు నేను చూసి ఎరుగను. వాళ్ళకు చదువు రాక కాదు, మాట పెగలక.

2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. ఆ నెల 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. జూన్‌లో తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ పదో తరగతి పరీక్షలు రద్దయినాయి. పిల్లలు గంతులు వేశారన్న మాట నిజమే. కాని ఎన్నాళ్ళు? సెలవు అనేది బడి వున్నప్పుడే తీపి. బడే లేనప్పుడు ఆదివారానికీ సోమవారానికీ తేడా ఏమున్నది?

పెద్దలు వూరికే కూర్చోలేదు. పాఠాలు దెబ్బతినకూడదని ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో "విద్యామృతం" నడిపారు. తెలంగాణాలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు చెప్పించారు. ప్రైవేటు బడులు సెల్‌ఫోనులోనే తరగతులు తెరిచాయి. ఆ విధంగా లెక్కలూ, సైన్సూ గడప దాటి ఇళ్ళలోకి వచ్చాయి. రానిది ఒక్కటే. కబుర్లు!

కబుర్లే గదా అని తీసిపారేయకండి. ఇంటర్‌వెల్ గంట కొట్టగానే కుళాయి దగ్గర గుమిగూడి చెప్పుకొనేవి, కారియరులో ఆవకాయ పంచుకొంటూ చెప్పుకొనేవి, రెండు సైకిళ్ళు పక్కపక్కన నడిపించుకొంటూ ఇంటికి వెళ్ళడం ఆలస్యం చేసేవి ఈ కబుర్లే. పధ్నాలుగేళ్ళ పిల్ల తల్లికి చెప్పలేనిది స్నేహితురాలికి చెబుతుంది. "నేనెవరిని? నలుగురిలో నా విలువెంత?" అన్న ప్రశ్న పుట్టే వయసది. దానికి జవాబు అమ్మానాన్నల ముఖంలో దొరకదు, తోటివాళ్ళ ముఖాలలోనే వెతుక్కోవాలి. అది ప్రకృతి ధర్మం. ఇంట్లో ప్రేమ వుంటుంది, నిజమే. కాని రెండు గదుల ఇంట్లో అయిదుగురు రాత్రింబవళ్ళు కలిసి వుంటే, ఆ ప్రేమ కూడా ఒక్కొక్కసారి కాపలాలాగే తోస్తుంది.

మా వెనుక వాటాలో వున్నవారి అమ్మాయి అప్పుడు పదో క్లాసు. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. జీతం సగమయింది. ఇంట్లో మంచి ఫోను ఒక్కటే, దాని మీద అన్నగారి ఇంటర్ పాఠాలు, ఈ పిల్ల పాఠాలు. ఒకనాడు తల్లి వచ్చి, "మాష్టారూ, కాస్త చదువుకోమని మీరైనా చెప్పండి. పుస్తకం ముట్టదు, జడ వేయించుకోదు, అన్నం కెలికి లేచిపోతుంది" అని వాపోయింది.

నేను చదువు ఊసు ఎత్తలేదు. "బడిలో నీ పక్కన ఎవరు కూర్చొనేవారమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల కళ్ళు నిండుకొన్నాయి. "దానితో మాట్లాడి నాలుగు నెలలైందండీ. ఫోను పాఠాలకే అంటారు గదా, కబుర్లకు ఇవ్వరు" అన్నది.

తల్లి తెలివైన మనిషి. ఆ సాయంత్రం నుంచి ఫోను అరగంట అమ్మాయిదే అన్నది. మేడ మీదికి వెళ్ళి మాట్లాడుకోవచ్చు, ఏం మాట్లాడావని ఎవరూ అడగకూడదు. వారం తిరిగేసరికి ఆ పిల్ల దువ్వెన పట్టుకొని తల్లి ముందు కూర్చున్నదట. మార్కులు పెరిగాయని నేను చెప్పను. జడ వేయించుకొన్నది. నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు.

అందరి కథా అంత సులువుగా తేలలేదు. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ విడత విజృంభించినప్పుడు ఎందరో పిల్లలు తల్లినో తండ్రినో పోగొట్టుకొన్నారు. పరామర్శకు చుట్టాలు రాలేదు. కడసారి చూపు కూడా కొందరికి దక్కలేదు. మన ఆచారాలలో పదిమంది వచ్చి కూర్చొని ఏడ్చేది వూరికే కాదు. దుఃఖాన్ని పంచుకొని పలచన చేయడానికి. ఆ పిల్లలు దానిని పంచుకోకుండానే మళ్ళీ బడికి వెళ్ళి, హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అన్నారు.

ఆ తరువాత వచ్చింది మార్కుల దెబ్బ. 2020లో పరీక్ష లేకుండా పది దాటిన తెలంగాణా పిల్లలు 2021 అక్టోబరులో ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలకు కూర్చున్నారు. నూటికి 49 మందే గట్టెక్కారు. కలవరం చెలరేగి, ఆ డిసెంబరులో ప్రభుత్వం తప్పినవారందరికీ కనీసపు మార్కులు ఇచ్చి గట్టెక్కించవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పదో తరగతి పరీక్షలు జరిగితే, 2019లో 94.88 శాతం వున్న వుత్తీర్ణత 67.26 శాతానికి దిగింది. రమారమి రెండు లక్షలమంది తప్పారు. "ఫోన్లు పట్టుకొని పాడైపోయారు" అని తీర్పు చెప్పినవారే ఎక్కువ. ఎనిమిదో క్లాసు చివర్లో ఇంటికి పంపి, పదో క్లాసు చివర్లో పరీక్ష హాల్లో కూర్చోబెట్టాము. నడుమ వాళ్ళ మనసు ఎక్కడ వున్నదని ఎవరైనా అడిగామా?

మన దేశంలో ఈ అడగకపోవడం పాత జబ్బే. కరోనాకు ముందే, 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారి జాతీయ సర్వేలో 13–17 ఏళ్ళవారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత కనిపించింది. 2021లో యునిసెఫ్ వారు 21 దేశాలలో 15–24 ఏళ్ళ వారిని అడిగితే, మనసు బాగులేనప్పుడు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదని సగటున నూటికి 83 మంది చెప్పారు. మన దేశంలో అలా చెప్పినవారు 41 మంది! మిగతావారు ఆ పాఠం ఎక్కడ నేర్చుకొన్నారు? మన ఇళ్ళలోనే. "నలుగురికీ తెలిస్తే పరువేం కాను" అన్న మాట వినివినీ.

ఇది చదివేవారిలో చాలామంది తల్లిదండ్రులే గనుక రెండు మూడు సంగతులు మనవి చేస్తాను. పిల్లల నిద్ర, తిండి తారుమారైనా, ఇష్టమైన ఆటపాటలు మానేసినా, అయినదానికీ కానిదానికీ కసురుతున్నా, అది రెండు వారాలు దాటితే పొగరనుకోకండి. దగ్గర కూర్చోండి. హితబోధ వద్దు, వినడం చాలు. చచ్చిపోవాలని వున్నదని ఒక్క మాట నోట వస్తే దానిని బెదిరింపనుకోకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం అక్కరలేదు. అడిగితే బరువు దిగుతుంది. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం "టెలీ మానస్" అనే సహాయ కేంద్రం ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలకే ఆ నంబరు తెలిసి వుండడం మరీ మంచిది.

మహమ్మారి మళ్ళీ రాకూడదనే కోరుకొందాము. ఏ తుఫానుకో, ఏ జబ్బుకో బడులు మళ్ళీ మూయవలసి వస్తే మాత్రం, టైంటేబుల్ వేసే అయ్యవార్లు లెక్కలకు ఒక గంట, ఇంగ్లీషుకు ఒక గంట కేటాయించిన తరువాత, కబుర్లకు కూడా ఒక గంట రాయాలని నా కోరిక. ఆ గంటలో మాష్టారు వుండకూడదు, తల్లిదండ్రులు తొంగిచూడకూడదు. పాఠం పోతే ఏడాది తరువాతైనా చెప్పుకోవచ్చు. పధ్నాలుగేళ్ళ వయసు మాత్రం ఎవరికీ రెండోసారి రాదు.