మీకు తెలుసా? వలసకూలీల ఓడలే విహారనౌకలయ్యాయి

ఖరీదైన విహారయాత్రలకు పేరుమోసిన హాలండ్ అమెరికా లైన్ అసలు బతికింది పేదల టికెట్ డబ్బుల మీద. 1872 అక్టోబరులో 'రోటర్‌డామ్' అనే ఆవిరి ఓడ అదే పేరున్న డచ్ రేవు నుంచి న్యూయార్క్‌కు బయల్దేరింది. మరుసటి ఏడాది కంపెనీ పుట్టింది. తూర్పు యూరప్ నుంచి మూటాముల్లె సర్దుకొచ్చిన లక్షల మంది ఈ ఓడల అడుగు అంతస్తుల్లో కిక్కిరిసి అమెరికా చేరారు. 1921లో ఐన్‌స్టీన్ తొలిసారి న్యూయార్క్‌లో దిగిందీ ఈ కంపెనీ ఓడ నుంచే. ఆయన ప్రయాణం మాత్రం పై అంతస్తులోనే లెండి!

1940లో జర్మన్ సేనలు నెదర్లాండ్స్‌ను ఆక్రమించాయి. యుద్ధకాలంలో కంపెనీ ఓడ 'న్యూ ఆమ్‌స్టర్‌డామ్' మిత్రదేశాల సైనికులను మోసింది.

1959లో తొలి ప్రయాణం చేసిన కొత్త 'రోటర్‌డామ్'లో ఓ తమాషా మెట్లదారి ఉంది. రెండు వరుసల మెట్లు జడపాయల్లా అల్లుకుని పైకెళ్తాయి. మధ్యలో జరిపే పలకలు మూస్తే ఫస్ట్‌క్లాస్ వాళ్లకూ టూరిస్ట్ క్లాస్ వాళ్లకూ ఎదురుపడే పనే ఉండేది కాదు. విహారయాత్రకు బయల్దేరితే పలకలు తీసేసేవారు, అప్పుడు అందరిదీ ఒకే తరగతి. ఈ ముందుచూపే కంపెనీని కాపాడింది. అప్పటికే జెట్ విమానాలు అట్లాంటిక్ దాటేస్తున్నాయి మరి.

1989లో అమెరికన్ సంస్థ కార్నివాల్ హాలండ్ అమెరికా లైన్‌ను కొనేసింది. రోటర్‌డామ్ రేవులోని పాత ప్రధాన కార్యాలయం ఇప్పుడొక హోటల్. పేరు? హోటల్ న్యూయార్క్!