లింకు అమ్మకము: యూరియా బస్తా నుండి సెల్‌ఫోను వరకు

మిర్యాలగూడ, కోదాడల సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోను, సూర్యాపేట చుట్టుపట్లను వరి పండించు రైతులకు 'లింకు' అనుమాట కొత్తది కాదు. యూరియాకు కరవు వచ్చిన కార్తెలో దుకాణదారు "బస్తా కావలెనన్న ఈ సీసా మందు కూడ కొనవలెను" అనును. రైతుకు సీసాతో పని లేదు. కాని అదను దాటిన పైరు ఆగదు. కావున రెండును కొని, సీసాను ఇంటిమూలన పెట్టును. ఇట్టి అమ్మకములు కూడదని కేంద్ర ఎరువుల శాఖ పలుమార్లు చెప్పినది.

కొసరు వేరు, లింకు వేరు. కొసరును కొనువాడు అడిగి పుచ్చుకొనును. లింకును అమ్మువాడు అంటగట్టును. విడువరాని సరుకు ఒకటి చేతనున్న వాడు, దాని బలముతో వేరొక సరుకును కూడ చెల్లించుకొనుటయే ఇందలి కిటుకు.

కంప్యూటరులో విడువరాని సరుకు ఆపరేటింగ్ సిస్టము. తెర, మీటలు, జ్ఞాపకశక్తి మొదలగు భాగములన్నిటిని నడపి, ఇతర ప్రోగ్రాములకు చోటు కల్పించునది అదియే. మైక్రోసాఫ్టు సంస్థ తన 'విండోస్'తో 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్' అను బ్రౌజరును జోడించి ఇచ్చుటవలన 'నెట్‌స్కేప్' బ్రౌజరు దెబ్బతిన్నదని 1998లో అమెరికా ప్రభుత్వము దావా వేసినది. క్రింది న్యాయస్థానము 2000లో సంస్థను రెండుగా చీల్చుమన్నది. 2001లో అప్పీలు న్యాయస్థానము ఆ చీలికను రద్దు చేసినది. అయినను, గుత్తాధిపత్యమును నిలుపుకొనుటకు సంస్థ అక్రమ మార్గములు త్రొక్కెనను తీర్పును చాలవరకు నిలిపినది.

ఇక్కడ ఒక చిక్కు కలదు. చొక్కాతో గుండీలు వచ్చిన లింకు అని ఎవరును అనరు. మరి బ్రౌజరు గుండీ వంటిదా, సీసా వంటిదా? జనులు దానిని విడిగా కోరుచున్నారా, ఇతరులు విడిగా తయారుచేయుచున్నారా అని న్యాయాధికారులు చూతురు. సాఫ్టువేరులో ఈ గీత చెరగిపోవుచుండును. నిన్న వేరుగానున్నది నేడు వ్యవస్థలో కలిసిపోవును. అందుచేతనే అమెరికా అప్పీలు న్యాయస్థానము ఇట్టి జోడింపును చూచినంతనే తప్పనరాదనియు, లాభనష్టములు తూచవలెననియు చెప్పినది.

మన దేశములో 2002 నాటి పోటీ చట్టము 4వ సెక్షను దీనికి ఆధారము. ఆధిపత్యము కలిగియుండుట నేరము కాదు. దానిని దుర్వినియోగపరచుట నేరము. భారతదేశపు స్మార్టుఫోనులలో నూటికి 90కి పైగా 'ఆండ్రాయిడ్'తో నడచుచున్నవి. 'ప్లే స్టోరు' లేని ఫోను అమ్ముడుపోవుట దుర్లభము. దానిని పొందగోరిన తయారీదారు 2022 నాటికి గూగుల్ వారి సెర్చి, క్రోమ్, యూట్యూబు మొదలగు కట్టనంతయు ఎక్కించవలసియుండెను. సెర్చి పెట్టెను తొలి తెరపైననే ఉంచవలసియుండెను. ఇది అన్యాయమైన షరతని కాంపిటీషన్ కమిషను 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది.

"అన్నియు ఉచితమే కదా, నష్టమేమి?" అని విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్న. రైతు సీసాకు రూకలిచ్చెను. ఫోను కొన్నవాడు తన చూపును, తన సమాచారమును ఇచ్చుచున్నాడు. ప్రకటనల రాబడి అందుండియే పుట్టును. తొలి తెరపై ఒకటి సిద్ధముగా నుండగా రెండవదానిని వెదకి తెచ్చుకొనువారు కొలదిమందియే. కోదాడ కుఱ్ఱవాడొకడు ఇంతకంటె మేలైన పటముల ప్రోగ్రాము వ్రాసినను అది జనులకంటబడుట కష్టము. అట్లని జోడింపు వట్టి చెరుపే కాదు. కొన్న గడియనుండియే పనిచేయు ఫోను, కొత్తవారికి నిజమైన సౌకర్యము.

2023 జనవరి 19న సుప్రీంకోర్టు ఉత్తరువుపై స్టే నిరాకరించినది. వారము తిరుగకముందే, తయారీదారులు ప్రోగ్రాములను విడివిడిగా ఎంచుకొనవచ్చునని గూగుల్ ప్రకటించినది. మార్చి 29న అప్పీలు న్యాయాధికరణము జరిమానాను నిలిపి, పది ఆదేశములలో నాల్గింటిని కొట్టివేసినది. ముందుగా ఎక్కించినవాటిని తొలగించుకొనుటకు అడ్డుపడరాదన్న ఆదేశము ఆ నాల్గింటిలో ఒకటి.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులు తెరచి చూపవచ్చును. కొన్ని ప్రోగ్రాముల వద్ద 'అన్‌ఇన్‌స్టాల్' అనియు, మరి కొన్నిటి వద్ద 'డిసేబుల్' అనియు మాత్రమే ఉండును. ఈ రెండవ జాబితాలోని పేర్లను నల్లబల్లపై వ్రాసి, ఏది గుండీ, ఏది సీసా అని పిల్లలనే అడుగవచ్చును.