బకెట్ ఊగుతోందా.. పిన్నులు చూడండి!

తుళ్లూరు: అమరావతి నిర్మాణ పనులు 2025 మే 2న పునఃప్రారంభమైన తర్వాత ఈ ప్రాంతంలో చైన్ లోడర్లు, పొక్లెయిన్ల రాకపోకలు మళ్లీ పెరిగాయి. అప్పు తెచ్చి యంత్రం కొన్నవారికి ఒక్కరోజు పని ఆగినా వాయిదా భారమే. బకెట్ కీళ్ల అరుగుదలను చాలామంది పట్టించుకోకపోవడానికీ అదే కారణం.

నేలకు ఆనించిన బకెట్‌ను మెల్లగా లేపినప్పుడు ముందుగా కీలు వద్ద టక్కుమని చప్పుడు వచ్చి, ఆ తర్వాతే బకెట్ కదిలితే పిన్ను, బుష్ అరిగినట్లే. ఈ దశలో రెండింటినీ కలిపి మార్చాలి. పాత బుష్‌లో కొత్త పిన్ను వేస్తే అదీ త్వరగా అరుగుతుంది. ఇంకా ఆలస్యం చేస్తే బుష్ తన గూడులోనే తిరిగి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పుడు వెల్డింగుతో లోహం నింపి, లైన్ బోరింగ్ యంత్రంతో రెండు వైపుల రంధ్రాలనూ ఒకే వరుసలోకి తేవాలి. కొందరు పిన్నును చెవులకే వెల్డింగ్ చేసి సరిపెడుతున్నారు. ఇది మరమ్మతు కాదు, మరుసటిసారి గ్యాస్ కట్టర్‌తో కోయాల్సిందే.

పిన్ను తీసేముందు బకెట్‌ను నేలపై దించి, చేతుల కింద దిమ్మెలు పెట్టాలి. ఇంజిన్ ఆపి హైడ్రాలిక్ ఒత్తిడి తగ్గించాలి. గట్టి పిన్నును నేరుగా సుత్తితో కొడితే ముక్కలు ఎగిరి కళ్లకు తగులుతాయి, మధ్యలో ఇత్తడి కడ్డీ ఉంచాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి.

కృష్ణా ఇసుక, నల్లరేగడి బురద కీళ్లలో చేరకుండా రోజూ పని ముగిశాక పాత గ్రీజు బయటికి వచ్చేవరకు కొత్తది ఎక్కించాలి.