ఎం.ఏ.నా.. ఎల్‌ఎల్‌బీనా?

విరూర్: డిగ్రీ చేతికొచ్చాక మన సరిహద్దు పిల్లలది ఒకటే తర్జనభర్జన. ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేయాలా, లా చదవాలా? ఎం.ఏ. రెండేళ్లు, ఎల్‌ఎల్‌బీ మూడేళ్లు. ఆ ఒక్క ఏడాదే ఇంట్లో పెద్ద లెక్క. పైగా లాకు సీఈటీ రాయాలి. ఎం.ఏ. అయితే చాలదు, లెక్చరర్ కావాలంటే నెట్టో సెట్టో గట్టెక్కాలి.

అంబేద్కర్ రెండూ చదివారు. 1923లో లండన్‌లో ఎకనామిక్స్ డీఎస్సీ పొందారు, బారిస్టరూ అయ్యారు. బతుకుతెరువుకు మాత్రం బొంబాయిలో ప్రాక్టీసు పెట్టారు.

మనోళ్లకు అసలు చిక్కు భాషతోనే. ఇంట్లో తెలుగు, కింది కోర్టుల్లో మరాఠీ, నాగపూర్ హైకోర్టు బెంచిలో ఇంగ్లీషు. మూడూ వస్తే వకీలుకు కక్షిదారులు రెండు వైపుల నుంచీ వస్తారు. మరాఠీ రాయడం తడబడేవారికి కష్టమే. నల్లకోటు వేసిన కొత్తలో సీనియర్ ఇచ్చేదీ అంతంతే. లా మీద మనసున్నవాళ్లు ఫారం నింపే ముందు ఓ రోజు రాజురా కోర్టుకెళ్లి కూర్చుని చూస్తే మేలు.