బోర్డు మీద సున్నా

మనం ఉండే ఇల్లు ఎవరు కట్టారు? మన పిల్లలు చదివే బడి ఎవరు కట్టారు? ఊరి దవాఖానా, ఏటి మీద వంతెన, పట్నంలో ముప్పై అంతస్తుల మేడ ఎవరు కట్టారు?

కంపెనీ కట్టింది అంటారు. ఇంజనీరు కట్టాడు అంటారు. నిజమే. వాళ్ల పని వాళ్లు చేశారు. మరి ఇసుక జల్లించింది ఎవరు? తట్ట మోసింది ఎవరు? ఇటుకలు అందించింది ఎవరు? గోడకు నీళ్లు కొట్టింది ఎవరు? ఆ చేతుల్లో ఆడవాళ్ల చేతులు ఎన్నో ఉన్నాయి.

పాలమూరు నుంచి, అనంతపురం నుంచి, శ్రీకాకుళం నుంచి ఎందరో ఈ పనికి వలస పోతారు. కొందరు పొద్దున్నే అడ్డా మీద నిలబడతారు. వాళ్లలో మీరూ ఉండవచ్చు. మీ అక్కో, మీ కోడలో ఉండవచ్చు. అందుకే ఈ పాఠం.

గేటు దగ్గర ఏముంది?

పెద్ద కంపెనీ పని జరిగే చోట గేటు దగ్గర బోర్డులు ఉంటాయి. ఇదివరకు వాటి ముందు నుంచే నడిచి వెళ్లాం. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. ఆగి చదువుదాం.

ఒక బోర్డు మీద "భద్రతే మొదటి మాట" అని ఉంటుంది. భద్రత అంటే ప్రాణానికి, ఒంటికి హాని లేకుండా ఉండడం.

ఇంకో బోర్డు మీద "మా లక్ష్యం సున్నా ప్రమాదాలు" అని ఉంటుంది. లక్ష్యం అంటే చేరాలనుకున్న చోటు. ఒక్క ప్రమాదం కూడా జరగకూడదు అని ఆ మాటకు అర్థం.

దాని కింద ఒక అంకె కూడా ఉంటుంది. "ప్రమాదం లేకుండా గడిచిన రోజులు: 120." రోజు గడిచేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది.

పక్కనే చెట్టు బొమ్మ వేసి "నీటిని పొదుపు చేద్దాం, దుమ్ము తగ్గిద్దాం" అని రాస్తారు. నేల, నీరు, గాలి రేపటి పిల్లలకు కూడా మిగలాలి. అలా మిగిలేలా పనిచేయడం కూడా ఒక లక్ష్యమే.

కంపెనీలు ఇవన్నీ ఎందుకు రాస్తాయి? 2015లో ప్రపంచ దేశాలన్నీ ఐక్యరాజ్య సమితిలో కూర్చుని 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి. 2030 నాటికి వాటిని చేరాలని అనుకున్నాయి. 8వ లక్ష్యంలో, పనిచేసే చోట కూలీకి భద్రత ఉండాలి అన్న మాట ఉంది. 12వ లక్ష్యం, దేన్నీ దుబారా చేయకుండా వాడుకోవాలి అంటుంది.

మన దేశంలో షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీల్లో పెద్దవి 1000 కంపెనీలు ఏటా ఒక లెక్క రాసి చూపాలి. ఇది 2022-23 నుంచి తప్పనిసరి అయింది. ఎన్ని నీళ్లు వాడారు? ఎంత చెత్త మిగిలింది? పనిలో ఎందరికి దెబ్బలు తగిలాయి? ఎందరు చనిపోయారు? ఇవన్నీ ఆ లెక్కలో ఉంటాయి.

చిన్న మేస్త్రీ దగ్గర ఇలాంటి బోర్డులు, లెక్కలు ఉండవు. కాని ప్రాణం ఎక్కడైనా ఒకటే. ఇక్కడ చెప్పే జాగ్రత్తలు అక్కడా కావాలి.

సున్నా రెండు విధాలుగా వస్తుంది

ఒక మాట ఆలోచించండి. ఒక కూలీ మెట్ల మీద జారి పడింది అనుకుందాం. కాలు విరిగింది. మేస్త్రీ వచ్చి ఇలా అంటాడు.

"ఏం కాలేదు లేమ్మా. ఆటో పిలుస్తా, ఇంటికి పో. ఈ వెయ్యి రూపాయలు ఉంచుకో. దవాఖానాలో అడిగితే ఇంట్లో జారి పడ్డా అని చెప్పు."

ఆమె సరే అంటుంది. అడిగితే పని పోతుందని భయం. మరునాడు బోర్డు మీద 120 కాస్తా 121 అవుతుంది. ఆమె మాత్రం మూడు నెలలు మంచం మీద ఉంటుంది. కూలీ ఉండదు. మందుల ఖర్చు ఆగదు. అప్పు పెరుగుతుంది.

బోర్డు మీద సున్నా అలాగే ఉంది. కాని అది దాచిన సున్నా. దెబ్బను కాగితం మీద రాయకపోతే అది జరగనట్టే లెక్క. జరగనిదాన్ని ఎవరూ బాగుచేయరు. ఆ మెట్లు అలాగే ఉంటాయి. రేపు ఇంకొకరు అక్కడే పడతారు.

ప్రమాదం రాకుండా చేసి తెచ్చిన సున్నాయే నిజమైన సున్నా. అది ఎలా వస్తుందో చూద్దాం.

ఎత్తు: గోడ పని కోసం కర్రలతో, ఇనుప గొట్టాలతో కట్టే మంచెను పరంజా అంటారు. దానికి పక్కన పట్టుకునే అడ్డు కర్ర ఉండాలి. కాలు పెట్టే చెక్కలు కదలకూడదు. మనిషి ఎత్తు దాటిన చోట అంచున పనిచేస్తే నడుముకు, భుజాలకు బెల్టు కట్టుకోవాలి. బెల్టు కొక్కెం గట్టి దానికి తగిలించాలి. తగిలించని బెల్టు ఉన్నా లేనట్టే. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించాలి. లేకపోతే పడేటప్పుడు అదే ముందు పడిపోతుంది.

గుంత: పునాది గుంత లోతు అయిదు అడుగులు దాటితే మట్టి విరిగి మీద పడవచ్చు. అంచులను వాలుగా తవ్వాలి. లేదా చెక్కలతో ఊతం పెట్టాలి. తవ్విన మట్టిని అంచున కుప్ప పోయకూడదు. ఎక్కి రావడానికి నిచ్చెన ఉండాలి. నీళ్ల తొట్టి, లిఫ్ట్ గుంత మూసి ఉంచాలి. పిల్లలు వాటిలో పడే ప్రమాదం ఉంది.

బరువు: 1998 నాటి కేంద్ర నియమాలు పెద్ద వయసు ఆడమనిషి మోసే బరువుకు 30 కిలోలు హద్దు పెట్టాయి. సిమెంటు బస్తా 50 కిలోలు. అంటే నిండు బస్తా ఒక్క ఆడమనిషి నెత్తిన పెట్టకూడదు. ఈ అంకె గుర్తుంచుకోండి. మాల్ తట్ట కూడా నిండా పోయకుండా, మోయగలిగినంతే పోయమనాలి.

దుమ్ము: రాయి కోసినప్పుడు, గోడ పగలగొట్టినప్పుడు లేచే సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. దగ్గు, ఆయాసం వస్తాయి. చాలామంది దాన్ని టీబీ అనుకుంటారు. ఈ జబ్బు వచ్చాక పూర్తిగా నయం కాదు. రాకుండా చూసుకోవడమే మందు. ఊడ్చే ముందు నీళ్లు చల్లాలి. రాయిని తడిపి కోయాలి. ముఖానికి కట్టిన కొంగు పెద్ద దుమ్మును ఆపుతుంది, సన్న దుమ్మును ఆపదు. దానికి మంచి మాస్కు కావాలి.

సిమెంటు: తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు ఉండాలి. ఒంటి మీద పడితే వెంటనే మంచి నీళ్లతో కడగాలి. కంట్లో పడితే పావుగంటకు పైగా నీళ్లతో కడిగి దవాఖానాకు పోవాలి.

కరెంటు, యంత్రాలు: తెగిన వైరు, తడిసిన వైరు ముట్టకూడదు. పొడవాటి ఇనుప ఊచ మోసేటప్పుడు పైన కరెంటు తీగలు చూసుకోవాలి. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర కొంగు, జడ వేలాడకూడదు. చీర మీద చొక్కా వేసుకుని, కొంగు లోపలికి దోపుకోవడం మంచి అలవాటు.

ఎండ: నీళ్లు తాగుతూ ఉండాలి. కాని చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగరు. ఎందుకు? పనిచోట మరుగుదొడ్డి ఉండదు. తాగితే పోవడానికి చోటు లేదు. దీనివల్ల మూత్రంలో మంట వస్తుంది, వడదెబ్బ తొందరగా తగులుతుంది. కాబట్టి ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి కూడా భద్రతే. దాన్ని అడగడానికి సిగ్గు పడకూడదు.

రంగులు చెప్పే మాట

కొన్ని బోర్డుల మీద అక్షరాలు ఉండవు. రంగు, బొమ్మ ఉంటాయి. అవి కూడా చదువే.

ఎర్ర గుండ్రం మీద అడ్డగీత ఉంటే ఆ పని చేయకూడదు.
నీలి గుండ్రం ఉంటే ఆ పని తప్పక చేయాలి. హెల్మెట్ బొమ్మ ఉంటే హెల్మెట్ పెట్టుకోవాలి.
పసుపు ముక్కోణం ఉంటే అక్కడ అపాయం ఉంది, జాగ్రత్త.
ఆకుపచ్చ పలక ఉంటే అటు క్షేమం. బయటికి దారి, మందుల పెట్టె అటు ఉంటాయి.

నేలను కాపాడితే మనల్నీ కాపాడుతుంది

నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. ఊరి గాలి బాగుంటుంది. మన ఊపిరితిత్తులు కూడా బాగుంటాయి. అలాంటి పనులు ఇంకా ఉన్నాయి.

కొత్త స్లాబును కనీసం వారం రోజులు తడిగా ఉంచాలి. పైపు వదిలేస్తే నీళ్లు పారిపోతాయి. తడి గోనె సంచులు కప్పితే, లేదా మాల్‌తో చిన్న కట్టలు పోసి నీళ్లు నిలబెడితే తక్కువ నీళ్లు చాలు. అంచున నిలబడి మాటిమాటికీ నీళ్లు కొట్టే పని కూడా తగ్గుతుంది.

రామగుండం, విజయవాడ లాంటి చోట్ల బొగ్గు కాల్చి కరెంటు తీస్తారు. మిగిలిన బూడిదతో ఇటుకలు చేస్తారు. అవి వాడితే పొలం మట్టి తవ్వే అవసరం తగ్గుతుంది.

హైదరాబాదులోని జీడిమెట్లలో 2020లో ఒక కార్ఖానా మొదలైంది. కూల్చిన గోడల ముక్కలను అక్కడ పొడిచేసి మళ్లీ ఇసుకలా, కంకరలా వాడుకునేలా చేస్తారు. అదే ముక్కలు పనిచోట దారిలో పడి ఉంటే మన కాళ్లకు మేకులు గుచ్చుకుంటాయి. చెత్త ఏరి ఒక చోట పెడితే నేలకూ మంచిది, కాలికీ మంచిది.

చట్టం ఏమంటుంది?

భవన కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి ఆ విషయాలు కొత్త కార్మిక స్మృతుల్లోకి వచ్చాయి. స్మృతి అంటే చాలా చట్టాలను కలిపి రాసిన పెద్ద చట్టం. వాటిలో మనకు పనికివచ్చే మాటలు ఇవి.

భద్రత కోసం ఇచ్చే వస్తువులకు కూలీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. హెల్మెట్ పేరుతో కూలీలో కోత పెడితే తప్పు.

భద్రత గురించి అడిగి తెలుసుకునే హక్కు మనకు ఉంది. ప్రాణానికి అపాయం ఉందనిపిస్తే వెంటనే చెప్పే హక్కు ఉంది. చెప్పిన దాన్ని యజమాని పట్టించుకోవాలి.

50 మందికి మించి పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకు పిల్లల గది ఉండాలి.

పనిలో దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. ఈ నియమం 1923 నుంచే ఉంది.

18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు ఉండి, ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసిన వాళ్లు సంక్షేమ మండలిలో పేరు రాయించుకోవచ్చు. కట్టడం ఖర్చులో నూటికి కనీసం ఒక రూపాయి కట్టించేవాళ్లు పన్నుగా ఇవ్వాలి. ఆ సొమ్ము మన కోసమే. ప్రమాదం, ప్రసవం, వైద్యం, పిల్లల చదువు వంటి వాటికి అందులోంచి సాయం చేస్తారు. ఏ సాయం ఎంత అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. లేబర్ ఆఫీసులో అడిగి కాగితం మీద రాసుకోండి.

90 రోజులు ఎలా లెక్క పెట్టాలి? ఒక చిన్న నోటుబుక్కు కొనండి. తేదీ, పనిచోటు, మేస్త్రీ పేరు, ఇచ్చిన కూలీ రాయండి. రోజుకు ఒక్క వరుస చాలు.

దెబ్బ తగిలితే ఏం చేయాలి?

1. 108కి ఫోన్ చేయాలి.
2. మెడకో, వెన్నుకో దెబ్బ తగిలితే మనిషిని లేపి కూర్చోబెట్టకూడదు. కదపకుండా ఉంచాలి.
3. కరెంటు పట్టుకుంటే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. మనిషిని ముట్టకూడదు.
4. దవాఖానాలో ఉన్నదే చెప్పాలి. "పనిచోట పడ్డాను" అని చీటీ మీద రాయించాలి. ఆ చీటీ దాచాలి.
5. ప్రమాదాల పుస్తకంలో రాశారా అని అడగాలి. తేదీ, చోటు, చూసినవాళ్ల పేర్లు మనమూ రాసుకోవాలి.
6. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయకూడదు. చదివాకే సంతకం పెట్టాలి.

ఒక్కరే పోయి అడిగితే "రేపటి నుంచి రాకు" అనవచ్చు. పదిమంది కలిసి అడిగితే అలా అనడం కష్టం. అందుకే కలిసి అడగాలి. దెబ్బ తగిలినామె మంచాన ఉంటే, చదువు వచ్చిన మరో ఆమె ఆమె తరఫున రాయాలి.

బోర్డు మీద అంకె కంపెనీది. ఆ అంకె నిజమో కాదో ముందుగా తెలిసేది మనకే.

మాట్లాడుకుందాం

1. మీరు పనిచేసే చోట ఏ బోర్డులు ఉన్నాయి? వాటి మీద ఏముంది?
2. మీ ఊరిలో పనిచోట దెబ్బ తగిలినవాళ్లు ఉన్నారా? దాన్ని ఎక్కడైనా రాశారా?
3. ఆడవాళ్లు ఎంత బరువు వరకు మోయవచ్చు? సిమెంటు బస్తా బరువు ఎంత?
4. ఈ రోజు చేసిన పని గురించి మీ నోటుబుక్కులో ఒక వరుస రాయండి.