మీకు తెలుసా? సూర్యునిదెసకు పోవు బాట

అమెరికాలోని మోంటానా రాష్ట్రమున, గ్లేసియర్ జాతీయోద్యానము నడుమ సుమారు 50 మైళ్లు సాగి, 6,646 అడుగుల యెత్తున లోగన్ కనుమను దాటు ‘గోయింగ్ టు ది సన్’ రహదారి 1933 జూలై 15వ తేదీన ప్రారంభింపబడెననియు, అందు నేటికిని ప్రతి వాహనమునకు ప్రవేశము లేదనియు మీకు తెలుసా?

అవలాంచ్ విడిది మొదలు రైజింగ్ సన్ వరకు గల యెగువభాగమున, 21 అడుగులకు మించిన పొడవుగాని, పక్క అద్దములతో కలిపి 8 అడుగులకు మించిన వెడల్పుగాని గల బండ్లను పోనీయరు. ఏలయన అచట బాట మిక్కిలి యిరుకు, ఒకవంక నిలువెత్తు శిలాభిత్తి, వేఱొకవంక అగాధమైన లోయ.

ఎక్కుటకంటె దిగుటయే కఠినపరీక్ష. సారథి నిరంతరము బ్రేకును అదిమిపట్టినచో, రాపిడివలన జనించు వేడిమిచే దాని పట్టు సడలి, తీరా మలుపువద్ద అది పనికిరాకపోవచ్చును. కావున దిగుటకు ముందే తక్కువ గేరునకు మార్చి, ఇంజనుయొక్క నిరోధశక్తినే ప్రధానాధారముగా గైకొని, మెల్లగా దిగవలయును. మన తిరుమల కనుమదారిలోను ఇదియే న్యాయము.

శీతకాలమున హిమపాతముచే ఎగువభాగము మూతపడును. మంచు తొలగించినపిదప సాధారణముగా జూన్ చివరగాని జూలైలోగాని పూర్తిగా తెఱచుకొనును.

ఈ యుద్యానమున సంచరించు ఎలుగుబంట్లకును తోడేళ్లకును 100 గజముల యెడమున నుండుట నియమము. మృగము కనబడెనని నడిబాటలో బండి నాపకుడు. వెనుక వచ్చువానికి మలుపు చాటున మీరు కానరారు. ఆగుటకై యేర్పఱచిన తావున నిలిపి, కన్నులారా చూడుడు.